అడుగుకు దిగిన ఎరుపు

పోయిన నెల కథలాపూర్‌లో మా తమ్ముడి బిడ్డ సరిత ఇంటికి పోయి రెండు రోజులున్నాను. సరితకు నాలుగు బర్రెలు. పాలు పిండడంతో మొదలైన పొద్దు మళ్ళీ పాలు పిండడంతోనే వాలుతుంది ఆ ఇంట్లో. తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందామని వెళ్ళినదాన్ని, మాట్లాడింది తక్కువ, ఆమె వెనకాల కొట్టంలో తిరిగింది ఎక్కువ. రెండో రోజు పొద్దున ఒక బర్రె నడుము వంచి, తోక ఎత్తి, ఎంతసేపు నిలబడినా ఇంతంత మూత్రమే పోస్తోంది. పోసినదాంట్లో ఎర్ర చార ఉంది. సరిత ఒక్కసారి చూసి ఫోన్ తీసింది. నేను టీ గ్లాసు కింద పెట్టేలోపల పశువుల డాక్టరమ్మ బండి మీద వచ్చింది. చిన్న పిల్ల, మా సరిత ఈడుదే. బకెట్ నీళ్ళు, సబ్బు అడిగి మోచేతుల దాకా కడుక్కుంది, పైన పొడుగు గ్లౌజులు తొడుక్కుంది, మూత్రాన్ని చిన్న డబ్బాలో పట్టి అందులో ఒక కాగితపు పట్టీ ముంచింది. పట్టీ మీద గళ్ళు రంగులు మారాయి. "నెత్తురున్నది, చీమున్నది. మూత్రం సంచికి క్రిమి పట్టింది. ఎన్ని రోజుల సంది?" అని అడిగింది. "పొద్దటి సందే మేడం," అంది సరిత.

ఆ ప్రశ్న వినేసరికి నేను పక్కనున్న దాణా బస్తా మీద కూలబడ్డాను. సరిత నన్ను చూసి నవ్వింది. "అత్తా, నీకు చెమటలెందుకే? రోగం బర్రెకు గదా." మొఖం కడుక్కొస్తానని లేచి ఇంట్లోకి వెళ్ళాను కానీ చెమటలెందుకో ఆమెకు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పి రిటైరైన మనిషిని, బర్రె మూత్రం చూసి జడుసుకున్నానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వేవాళ్ళకు తెలియనిది ఒకటుంది. చిన్నప్పుడు మా వాకిట్లో ఆ ప్రశ్న లేచినప్పుడు దాని జవాబు ఎక్కడినుంచి వచ్చిందో ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. రెండో మనిషి పండ్లు, నేను నోరు విప్పకపోతే పోతాయి.

మాది సిరిసిల్ల. మగ్గాలు పోయి సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, వచ్చిన కాలం. మా బాపు, మేం తండ్రిని బాపు అనే పిలుస్తాం, బట్ట నేసేవాడు కాదు, నూలుకు రంగు వేసేవాడు. వీధిలోని సాంచల వాళ్ళంతా నూలు కట్టలు మా ఇంటికి పంపేవారు. వాకిట్లో పెద్ద రాగి గుండిగ, కింద కట్టెల పొయ్యి, పక్కన రంగు జాడించే తొట్టి, గోలెం. పొద్దెక్కేసరికి ఇల్లంతా కాగిన రంగు వాసన, తడి నూలు వాసన, మసక పొగ. చుట్టాలింటికి పోతే మా బట్టలు వాసన చూసే "రంగులోళ్ళ పిల్లలొచ్చిండ్రు" అనేవాళ్ళు. బాపు చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. నీలం వేసిన వారం ఊదాగా మారేవి. పెళ్ళికి పోయినా చావుకు పోయినా ఆ చేతులంతే. అమ్మ మొదట్లో సబ్బుతో రుద్దించేదట. ఎంత రుద్దినా పోకపోయేసరికి విసుగొచ్చి మానుకుంది. ఇంట్లో ఆ మాట సామెతలా స్థిరపడిపోయింది: రంగు చేతికి సబ్బు దండుగ. బాపు నీళ్ళలో చేతులు ముంచి, పంచెకు తుడుచుకుని అన్నానికి కూర్చునేవాడు. ఆ చేతి మీద ఏది రంగో ఏది మురికో ఎవరూ చెప్పలేరు.

వాకిట్లోనే ఒక మూల కొట్టంలో బొల్లి ఉండేది. నుదుట తెల్ల మచ్చ ఉన్న బర్రె. ఆ కొట్టం ముందరే కుడితి గోలెం. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు అన్నీ అందులో పోసి పులియబెట్టి బొల్లికి పెట్టేవాళ్ళం. కుడితికీ రంగుకూ రెండు గోలేలు పక్కపక్కనే ఉండేవి. ఎక్కడైనా ఉంటాయా అని అడగకండి, ఇరుకు వాకిలి. బొల్లికి కుడితి తాగించి మళ్ళీ గుంజకు కట్టేయడం నా పని. ఆ సంవత్సరం అమ్మకు తమ్ముడు పుట్టి, ఆమెకు జ్వరాలు వచ్చి పాలు ఎండిపోయాయి. వాడు బతికింది బొల్లి పాల మీద. బొల్లి ఎప్పుడు ఈనుతుందా అని ఇల్లంతా ఎదురుచూసింది. ఈనే రోజు దూడ అడ్డం తిరిగింది. గుండిగ దగ్గరున్న బాపు పరుగెత్తుకొచ్చి, నీళ్ళల్లో చేతులు జాడించి, లోపలికి చెయ్యి పెట్టి దూడను లాగాడు. నేను గుంజ పట్టుకుని చూశాను. ఆ ఎర్ర చేతులు లోపలికి పోవడం, దూడతో బయటికి రావడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వీధిలో నలుగురూ బాపును మెచ్చుకున్నారు.

ఆ పొద్దే శాంతవ్వ గడ్డిమోపుతో వచ్చింది. మానేరు అవతల తంగళ్ళపల్లిలో ఉండేది ఆమె. భూమి లేదు, భర్త లేడు, ఒక ఆడపిల్ల. ఒడ్ల మీద గడ్డి కోసుకుని, వంతెన దాటి మోసుకొచ్చి మా ఇంట్లో వేసేది. ఆదివారం మాత్రం ప్రార్థనకు పోయేది, ఆ రోజు గడ్డి లేదు. గడ్డికి పైసలతో పాటు ముంతెడు సల్ల, అంటే మజ్జిగ, తీసుకునేది. నుదుట బొట్టు పెట్టదని మా బాపమ్మకు, బాపు తల్లికి, ఆమె మీద మొదటినుంచీ ఒక చిన్న చిరాకు ఉండేది. మోపు దించి బొల్లిని చూసి, "ఎంత మంచి పొదుగు బిడ్డా, నిండు కడవోలె ఉన్నది. మీ తమ్మునికి ఇగ రంది లేదు," అంది శాంతవ్వ. అంతే అన్నది. బాపమ్మ గడప దగ్గర నిలబడి ఆ మాట విన్నది.

మూడో రోజో నాలుగో రోజో, నేను బొల్లికి కుడితి చూపించి తాడు వదిలేసి గచ్చకాయలాటలో పడ్డాను. తలెత్తేసరికి బొల్లి మూతి రంగు గోలెం మీద ఉంది. ముక్కు మీది నుంచి ఎర్ర నీళ్ళు కారుతున్నాయి. తాగిందో, వాసన చూసి వదిలేసిందో నాకు తెలియదు. పరికిణీ అంచుతో దాని మూతి తుడిచి, కట్టేసి, ఎవరూ చూడలేదని తేల్చుకుని అన్నం తిన్నాను. రెండు రోజుల తర్వాత పొద్దున్నే కొట్టంలోకి పోతే బండల మీద మూత్రం ఎర్రగా మడుగు కట్టి ఉంది. నాకు ఇక అనుమానం లేదు. తాగిన రంగే బయటికొస్తోంది, బర్రెను నేను చంపుతున్నాను. బకెట్ నీళ్ళు కొట్టి చీపురుతో కడిగేశాను. మర్నాడు అందరికంటే ముందు లేచి మళ్ళీ కడిగాను. ఆ మర్నాడు కూడా. బొల్లి నడుము వంచి నిలబడేది. ముక్కేది. చుక్కచుక్కగా పోసేది, రంగు మరకలున్న ఆ వాకిట్లో పగటి చుక్కలను ఎవరూ పట్టించుకోలేదు. వెనక కాలితో పొట్టకేసి తన్నుకునేది. ఒకరోజు ఎరుపులో గడ్డలు కనబడ్డాయి, వాటి చుట్టూ తెల్లటి జిగట. అది రంగులా లేదని నా బుర్రకు తట్టనే లేదు. భయపడ్డ బుర్ర ఒక్క దారే చూస్తుంది.

ఇంట్లో మాత్రం నాకు మంచి పేరొచ్చింది. "పిల్లకు బుద్ధచ్చింది, చెప్పకుండనే కొట్టం కడుగుతున్నది," అని బాపమ్మ పక్కింటివాళ్ళకు చెప్పుకునేది. కానీ బొల్లి పాలే తమ్ముడు తాగుతున్నాడు. బర్రె లోపలి రంగు పాలలోకి వస్తే, పాల నుంచి వాడిలోకి పోతే? రోజూ పొద్దున కొట్టం కడగడం అయ్యాక వాడి ఉచ్చగుడ్డలు తీసి వెలుతురుకు పట్టి చూసేదాన్ని. తెల్లగా ఉంటే ఆ పూటకు బతికినట్టు. చెబుదామని బాపు దగ్గరికి వెళ్ళి నిలబడి, "ఏందే?" అంటే "ఏం లేదు" అని వచ్చిన సందర్భాలు ఎన్నో లెక్కలేదు. బాపు కొట్టేవాడు కాదు. కొడతాడని కాదు నా భయం. బర్రె పోతే తమ్ముడికి పాలు లేవు, వాడు పోతే అమ్మ ఉండదు. ఇంత పెద్దది నా నోటి నుంచి ఎట్లా బయటికొస్తుంది?

ఎనిమిదో రోజు పగలే బొల్లి వాకిట్లో అందరి ముందర ముక్కి ముక్కి, గుక్కెడు నెత్తురు గడ్డలతో సహా పోసింది. అప్పటికే పాలు సగానికి పడిపోయాయి. బాపమ్మ రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంది. "నేను అనుకుంటనే ఉన్న. పొదుగును చూసి కడవోలె ఉన్నదన్నది. గా నోరు మంచిది గాదు." అమ్మ "ఎవలత్తా?" అంది. "ఇంకెవలు? గడ్డిది." ఆ సాయంత్రానికి మాట ముదిరింది. దిష్టి కాదు, చేతబడి అన్నారు. సల్ల ముంతలో ఏదో చేసి తిరిగి పంపుతోంది అన్నారు. మా కాక, బాపు తమ్ముడు, సాంచలు బాగుచేసే పని చేసేవాడు. నడుముకు ఎప్పుడూ పట్టుకారు ఉండేది. అన్నం కలుపుకుంటూ, మామూలు ముచ్చట చెప్పినట్టు చెప్పాడు. "మంత్రం నోట్లనే ఉంటది. ముందటి పండ్లు పీకితే మంత్రం తిరుగది. ఆడ ఏదో ఊర్ల గట్లనే చేసిండ్రు. రేపు గడ్డి తెస్తది గదా, రానియ్యుండ్రి." అమ్మ తమ్ముణ్ణి గుండెకు హత్తుకుంది. బాపు వద్దనలేదు. మా బాపు చెడ్డవాడు కాదు. ఈ మాట రాయకపోతే నాకు మనసొప్పదు, రాసి ఊరుకుంటే సగం అబద్ధమాడినట్టవుతుంది. మంచివాడే, ఆ రోజు పళ్ళెం వైపు చూస్తూ అన్నం తిన్నాడు.

మర్నాడు పొద్దున కాక పనికి పోలేదు. వాకిట్లో పీట వేసుకుని కూర్చున్నాడు. వీధిలో మరో ఇద్దరు వచ్చి గోడకు ఆనుకున్నారు. పక్క షెడ్డులో సాంచలు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. కాక పట్టుకారు తీసి, దాని నోరు తెరిచి మూసి చూసి, నూనె గుడ్డతో తుడిచాడు. నేను కొట్టం వెనక సందులోంచి బయటపడి వంతెన వైపు పరుగెత్తాను. శాంతవ్వ వంతెన మొదట్లోనే ఎదురైంది, నెత్తి మీద మోపుతో.

"రాకు శాంతవ్వా. మా ఇంటికి రాకు," అన్నాను. ఊపిరి అందడం లేదు.

"ఏమైంది బిడ్డా?"

"కాక పట్టుకారు వట్టుకొని కూసున్నడు. నువ్వు మంత్రం చేసినవట. నీ పండ్లు పీకుతరట."

ఆమె మోపును వంతెన గోడ మీదికి దించింది. దించడానికి చాలాసేపు పట్టింది. మొఖంలో నెత్తురు లేదు. పారిపోతుంది అనుకున్నాను, పారిపోవాలని మనసులో మొక్కుకున్నాను కూడా. ఆమె మాత్రం, "బర్రెకేమైంది?" అని అడిగింది. నేనింక ఆపుకోలేక మొత్తం కక్కేశాను. రంగు గోలెం, మూతి, బండలు కడగడం, గడ్డలు, జిగట. ఆమె మధ్యలో రెండే మాటలడిగింది. "వాసనస్తున్నదా? ఎన్ని రోజుల సంది?" వస్తోందన్నాను, ఎనిమిది రోజులన్నాను. "నేను రుద్రంగి ఊర్ల జీతానికున్నప్పుడు ఓ బర్రెకు గిట్లనే అయింది," అని తనలో తనే అనుకుని, "నువ్వు ఇంటికి వో బిడ్డా, నేను కలిసిన్నని చెప్పకు," అంది. మోపు అక్కడే వదిలేసి టౌన్‌లోకి వేరే సందులో నడిచింది. ఆ వెనక్కి తిరిగిన వీపు చూసి, బతికిపోయింది అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి తెలిసింది నేను చేసిన పని. ఆమె వచ్చే వేళ దాటిపోయింది. "రాలే, చూసిన్రా?" అంటోంది బాపమ్మ. "తప్పు చేసింది గనుకనే రాలే. ఒక్కనాడన్న ఆలస్యమైందా ఆమెకు?" గోడకు ఆనుకున్నవాళ్ళు ఇద్దరూ నిటారుగా నిలబడ్డారు. కాక లేచి పట్టుకారు నడుముకు దోపాడు. "ఇంటికే వోదాం. పిల్లది గూడ ఇంట్లనే ఉంటది," అన్నాడు. నేను ఆమెను కాపాడాననుకుంటే, ఆమె రాకపోవడాన్నే సాక్ష్యంగా వాళ్ళ చేతుల్లో పెట్టాను. ఇప్పుడు ఆమె ఇల్లు, ఆమె కూతురు కూడా ఇందులోకి వచ్చారు.

వాళ్ళు గడప దాటబోతుండగా సైకిల్ గంట వినిపించింది. ముందు పశువుల దవాఖాన డాక్టరు సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు, క్యారియర్ మీద తోలు సంచి. వెనక శాంతవ్వ. తనకు ఏం చేస్తారో తెలిసి ఆ వాకిట్లోకి నడిచొచ్చింది ఆమె. కాక ఆమెను చూసి ఆగిపోయాడు, డాక్టరును చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. డాక్టరుకు ఇవేమీ తెలియవు. బొల్లి దగ్గరికి పోయి, తోక ఎత్తి చూసి, నడుము మీద నొక్కాడు. అది బాధతో వంగింది. "ఎనిమిది రోజుల సంది ఉంచుకున్నరు. గింత ముదిరేదాక ఏం చేసిన్రయ్యా?" అన్నాడు.

"ఎనిమిదేంది సారు? మేము నిన్ననే చూసినం," అన్నాడు బాపు.

"ఈ అవ్వ ఎనిమిదని చెప్పింది."

వాకిలి మొత్తం ఒక్కసారి శాంతవ్వ వైపు తిరిగింది. బాపమ్మ గొంతు సన్నగా లేచింది. "ఇంటోళ్ళం మాకు నిన్న ఎరుకైంది. ఈమెకు ఎనిమిదొద్దుల సంది ఎరుకనట. చేసినోళ్ళకు గాక ఇంకెవలకు ఎరుకుంటది?" కాక చెయ్యి నడుము మీదికి పోయింది. శాంతవ్వ నావైపు చూసింది. ఒక్క క్షణమే. చూసి, కళ్ళు దించుకుంది. "చెప్పకు" అని నాకు చెప్పిన మనిషి, తను కూడా నా పేరు చెప్పలేదు. చెబితే తను బయటపడుతుందని తెలుసు ఆమెకు. నాకంత భయం తర్వాత ఎప్పుడూ కలగలేదు, కాన్పుల్లో కూడా. నా నోరు ఎట్లా తెరుచుకుందో తెలియదు.

"నేనే చెప్పిన. బొల్లి రంగు నీళ్ళు తాగింది. నేనే ఇడిసిపెట్టిన. రోజు పొద్దుగాల నేనే కడిగిన."

బాపమ్మే తేరుకుని, "పిల్లకు మందు వెట్టింది. గట్ల మాట్లాడిపిస్తున్నది," అంది. అప్పుడు డాక్టరు అందరి మొఖాలూ ఒక్కసారి చూశాడు, ఏదో అర్థమైంది ఆయనకు. గొంతు పెంచలేదు. సంచిలోంచి తెల్ల గాజు సీసా తీసి, బొల్లి పోసినప్పుడు అందులో పట్టి, మూత పెట్టి గోడ గూట్లో ఉంచాడు. సీసా నిండా ఎరుపే. "రంగులాయనవు నువ్వే గదా," అన్నాడు బాపుతో. "నీళ్ళల్ల కలిసిన రంగు ఎంతసేపు వెడితె అడుక్కు దిగుతది?"

"కలిసిన రంగు దిగది సారు. నెల రోజులు వెట్టినా దిగది."

"మరి చూద్దాం. గోమార్లు గరిసి జరమొచ్చి ఎర్రగ వోసినా దిగది. లోపల పుండై నెత్తురు కారితే దిగుతది. ఎవలు ఎటు వోవద్దు."

మేమంతా ఆ గూటి ముందర నిలబడ్డాం. ఎంతసేపో చెప్పలేను. కాక, బాపమ్మ, బాపు, తమ్ముణ్ణి ఎత్తుకుని అమ్మ, గోడ దగ్గరివాళ్ళు, ఒక పక్కగా శాంతవ్వ. అందరి కళ్ళూ సీసా మీదే. దిగకపోతే తప్పు నాది. దిగితే ఎవరిదో నాకు తెలియదు. ముందు పైన, మెడ దగ్గర, ఎరుపు కొంచెం పలచబడినట్టయింది. నా కళ్ళే మసకబారాయనుకున్నాను. కాసేపటికి పై సగం పసుప్పచ్చగా తేలింది. ఇంకాసేపటికి ఎరుపంతా అడుగున చిక్కగా కూర్చుంది, దాని మీద తెల్లటి పొర, దారాల్లాంటి చీము. డాక్టరు ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. రంగు సంగతి ఆ వాకిట్లో బాపుకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. బాపే దగ్గరికి పోయి సీసాను వెలుతురుకు పట్టి చూశాడు, మళ్ళీ గూట్లో పెట్టాడు. "రంగు గాదు," అన్నాడు. తర్వాత అమ్మవైపు తిరిగి, "మంత్రం గాదు," అన్నాడు.

"ఈనుడు కష్టమైందా?" డాక్టరు అడిగాడు.

"దూడ అడ్డం తిరిగింది."

"ఎవలు చెయ్యి వెట్టిండ్రు లోపలికి?"

"నేనే సారు."

"సబ్బుతోని కడుక్కున్నవా?"

బాపు తన చేతులవైపు చూసుకున్నాడు. మోచేతుల దాకా ఎరుపు. వాటిని ముందుకు చాపి అట్లాగే నిలబడ్డాడు, ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు. "గా మురికితోనే క్రిమి వోయి ఉంటది. ఈనిన బర్రెకు తొవ్వ తెరిసే ఉంటది. మూత్రం సంచిల మొదలై పైకి ఎక్కింది," అని డాక్టరు సూదిమందు తీశాడు. మొదటి రోజే చెప్పి ఉంటే నాలుగు సూదులతో పోయేదని, ఇప్పుడు మందు పనిచేస్తుందో లేదో చూడాలని నావైపు చూడకుండానే అన్నాడు. రంగు నుంచి నేను విడుదలయ్యాను, దాచిన ఎనిమిది రోజుల నుంచి కాలేదు. అప్పటికి తలెత్తి చూస్తే శాంతవ్వ వాకిట్లో లేదు. ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ గమనించలేదు.

పది రోజులకు పైగా సూదులు పడ్డాయి బొల్లికి. బతికింది. పాలు మునుపటంత ఇవ్వలేదు కానీ తమ్ముడికి సరిపోయాయి. బాపు ఆ రోజు నుంచి కొట్టంలోకి పోయే ముందు సబ్బుతో రుద్దుకునేవాడు, ఎరుపు పోయేది కాదు, అయినా రుద్దేవాడు. కాక మర్నాటి నుంచి పనికి పోయాడు, అదే పట్టుకారుతో సాంచలు బాగుచేశాడు. ఆ పొద్దు గురించి ఆయన మళ్ళీ ఒక్క మాటన్నది నేను వినలేదు. బాపు ఒక ఆదివారం నెయ్యి డబ్బా పట్టుకుని తంగళ్ళపల్లికి పోయి, డబ్బాతోనే తిరిగొచ్చాడు. "గడ్డికి వేరే ఇల్లు దొరికిందట," అన్నాడు అమ్మతో. మన్నించమని అడిగాడో లేదో చెప్పలేదు. మా ఇళ్ళల్లో మగవాళ్ళకు ఆ మాట రాదు, మాకు కూడా పెద్దగా రాదు.

ఇప్పుడు సరిత కొట్టంలో చూస్తే అంతా వేరు. కాగితపు పట్టీ రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. జగిత్యాల ల్యాబుకు మూత్రం పంపితే ఏ క్రిమో, ఏ మందుకు చస్తుందో రాసి పంపుతారు. అయితే డాక్టరమ్మ రాకముందే సరిత పెనిమిటి ఇంట్లో మిగిలిన సూదిమందు ఒకటి పొడిచేశాడట. "గిట్ల సగం సగం ఇస్తే రేపు ఏ మందుకు లొంగది, మనుషులకు గూడ," అని ఆమె కసురుకుంది. అంటే ఇప్పటివాళ్ళకూ వాళ్ళ ఎర్ర చేతులున్నాయి, కాకపోతే మరో రంగులో. మంత్రాల మాట పోయిందంటారా, పోలేదు. పశువు చస్తేనో పిల్లవాడు పడిపోతేనో ఎక్కడో ఒకచోట ఒక ఒంటరి ఆడదాని వైపు చూపు తిరిగిందన్న కబురు ఇప్పటికీ వింటూనే ఉన్నాను. అలా విన్న రోజు నేను సీసాను తలుచుకుని ధైర్యం తెచ్చుకోవాలని చూస్తాను. ధైర్యం రాదు. అంతసేపు ఆగి చూద్దామని అందరినీ నిలబెట్టే మనిషి ప్రతి వాకిట్లో ఉండడు. మా వాకిట్లోకి వచ్చాడంటే, పిలుచుకొచ్చిన మనిషి పండ్లకు తెగించి పిలుచుకొచ్చింది కనుక.

శాంతవ్వను నేను మళ్ళీ ఒక్కసారే చూశాను. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు, కోరుట్లలో ఉద్యోగం. సిరిసిల్లకు పోదామని బస్టాండులో నిలబడితే, బెంచీ మీద ఒక ముసలామె మనవరాలితో కూర్చుని చెరుకు ముక్క నములుతోంది. మనవరాలు ఏదో అంటే నోరంతా తెరిచి నవ్వింది. నవ్వును బట్టి గుర్తుపట్టాను. అన్ని పండ్లూ ఉన్నాయి. దగ్గరికి పోయి, "శాంతవ్వా," అన్నాను.

"ఎవలు బిడ్డా? కండ్లు సరిగ కనవడుతలేవు."

"సిరిసిల్ల రంగులోళ్ళ సుగుణను."

ఆమె కళ్ళు చికిలించి చూసి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వా బిడ్డా? మంచిగున్నవా? పిల్లలెందరు? మీ తమ్ముడు ఏం జేస్తుండు?" ప్రేమగానే అడిగింది. నిజంగా ప్రేమగానే. బిడ్డతో కోరుట్లలోనే ఉంటున్నానని చెప్పింది, కూర్చోమని బెంచీ తుడిచింది. మాట్లాడుతూనే ఆమె రెండో చెయ్యి, తనకు తెలియకుండానే, కొంగు అందుకుని నోటికి అడ్డం పెట్టుకుంది. మనవరాలు వింతగా చూసింది. నా బస్సు వచ్చేదాకా కొంగు వెనక నుంచే మాట్లాడింది, కొంగు వెనక నుంచే నవ్వింది, కొంగు వెనక నుంచే "పోయిరా బిడ్డా" అంది.